అరణ్యశాస్త్ర గురువు డీట్రిచ్ బ్రాండిస్

జంషెడ్పూరు పట్టణమునకు ఉత్తరమున, సువర్ణరేఖా నదికి ఆవలి దిక్కున, దల్మా కొండలు బారులు తీరియున్నవి. ఎండలు ముదురకమునుపు ఆ కొండలపై సాలవృక్షములు పాత ఆకును రాల్చి, క్రొత్త చిగురు తొడిగి, లేతపసుపు పూగుత్తులతో నిండియుండును. ఆంధ్రదేశమున ఈ వృక్షమునే గుగ్గిలపు చెట్టందురు. ఉద్యోగరీత్యా ఈ పట్టణమునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు సెలవు దినములలో పిల్లలను వెంటబెట్టుకొని ఆ కొండ యెక్కుట కలదు. అడవి యనునది తనంతట తానే పెరుగునది గదా, దానికి లెక్కలేమి, చదువేమి యని చూచువారికి తోచుట సహజము. అయినను ఆ చెట్లకు సరిహద్దులున్నవి, పటములున్నవి, వానిని కాచువారికి పాఠశాలలున్నవి, పరీక్షలున్నవి. ఆ లెక్కను, ఆ చదువును ఈ దేశమున నెలకొల్పినవారిలో అగ్రగణ్యుడు డీట్రిచ్ బ్రాండిస్. ఆయన దొర యైనను ఆంగ్లేయుడు కాడు, సేనాని కాడు, రెవెన్యూ ఉద్యోగియు కాడు. జర్మనీ దేశమున చెట్టుచేమలను గూర్చి పాఠములు చెప్పుకొనుచుండిన యొక పండితుడు.

బాల్యము, విద్య

బ్రాండిస్ 1824వ సంవత్సరము మార్చి 31వ తేదీన రైను నదీతీరముననున్న బాన్ నగరమున జన్మించెను. ఫ్రాన్సు దేశమున నాన్సీ పట్టణపు సుప్రసిద్ధ అటవీ విద్యాలయము స్థాపింపబడినదియు ఆ సంవత్సరముననే. తండ్రి క్రిస్టియన్ ఆగస్ట్ బ్రాండిస్ బాన్ విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రాచార్యుడు. గ్రీకు దర్శనములలో నిష్ణాతుడు. గ్రీసు దేశమునకు క్రొత్తగా రాజైన ఆటో ప్రభువు ఆయనను తన కొలువునకు పిలిపించుకొనగా, ఆ కుటుంబము కొన్నియేండ్లు ఏథెన్సు నగరమున నివసించెను. అచటి కొండలలో తిరుగుచు బాలుడు మొక్కల పేరులు నేర్చెను. ఒకప్పుడు దట్టమైన వనములతో నిండి, పిదప మేకలకును గొడ్డలికిని బలియై బోడిగా మారిన కొండలను ఆయన చిన్ననాడే కన్నులార చూచెను.

తరువాత కోపెన్‌హాగెన్, గోటింజెన్, బాన్ విశ్వవిద్యాలయములలో చదివి, 1848లో డాక్టరు పట్టమును పొంది, 1849 నుండి బాన్‌లో వృక్షశాస్త్రము బోధింప సాగెను. జీవితమంతయు ఆ తరగతి గదిలోనే గడచిపోవలసినదే. ఒక వివాహము దానిని మార్చెను.

1854లో ఆయన రేచెల్ అను వితంతువును పెండ్లాడెను. ఆమె కలకత్తా చేరువనున్న శ్రీరాంపురపు మిషనరీ జాషువా మార్ష్‌మన్ కుమార్తె. మార్ష్‌మన్ సహచరుడైన విలియం కేరీ 1814లో తెలుగు భాషకు వ్యాకరణము ప్రకటించినవాడు. ఆ విధముగా శ్రీరాంపురము తెలుగువారికి క్రొత్త పేరు కాదు. రేచెల్ మొదటి భర్త వాయిట్ డెన్మార్కు దేశపు వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. ఆమె సోదరి భర్త హేవ్‌లాక్ సేనాని. ఆ బంధుత్వము మూలముగా బ్రాండిస్ పేరు గవర్నరు జనరలు డల్హౌసీ ప్రభువు చెవిని పడెను. డల్హౌసీ అప్పుడు టేకు చెట్లను గూర్చి మిక్కిలి చింతించుచుండెను.

పెగూ టేకుటడవులు

1852లో జరిగిన రెండవ బర్మా యుద్ధముతో పెగూ రాష్ట్రము కంపెనీవారి వశమయ్యెను. ఆ రాష్ట్రపు ముఖ్య సంపద టేకు. ఓడలకు తగిన కలప తఱిగిపోయిన ఇంగ్లండునకును, 1853లో బొంబాయి ఠాణాల నడుమ మొదలైన రైలు మార్గములకును గట్టి కలప కావలసివచ్చెను. ఒక మైలు రైలుదారికి 1,700 నుండి 2,000 వఱకు స్లీపరులు పఱవవలెను. అవి కొన్ని యేండ్లకే చివికి మరల మార్చవలసియుండును. పడమటి కనుమల టేకు అప్పటికే చాలవఱకు నఱకబడెను. మలబారు కలెక్టరు కానలీ 1840ల దశకమున నిలంబూరులో టేకుతోటలు నాటించెను గాని, నాటిన మొక్క మ్రానగుటకు ఒక తరము చాలదు. కావున 1855లో డల్హౌసీ పెగూ టేకును ప్రభుత్వపు సొత్తుగా ప్రకటించి, దానిని శాస్త్రీయముగా రక్షింపగల వానికొఱకు వెదకెను. 1856 జనవరిలో బ్రాండిస్ పెగూ అడవుల సూపరింటెండెంటుగా నియమింపబడెను. అప్పటికాయన వయస్సు 31 సంవత్సరములు.

అడవి చేతికి వచ్చినది గాని దానికి పటము లేదు, లెక్క లేదు, తగిన సిబ్బంది లేదు. ఎన్ని చెట్లున్నవో యెవరికిని తెలియదు. ఏటేట ఎన్ని నఱికిన అడవి తఱుగక నిలుచునో అంతకంటె తెలియదు. బ్రాండిస్ ఆ రెండు ప్రశ్నలతోనే పని మొదలిడెను.

ఆయన అనుసరించిన పద్ధతి చూచుటకు మిక్కిలి తేలికయైనది. ఏనుగు నెక్కి అడవిని ఒక వరుసగా దాటిపోవును. ఎడమచేతిలో నాలుగు వెదురు ముక్కలు, కుడిచేతిలో చాకు. టేకు చెట్లను చుట్టుకొలతనుబట్టి నాలుగు తరగతులుగా విభజించుకొనెను. ఆఱడుగులు, అంతకు మించిన చుట్టుకొలత గలవి మొదటి తరగతి. దారికి ఇరుప్రక్కల నియమిత దూరములో కానవచ్చిన ప్రతి చెట్టునకును దాని తరగతికి చెందిన వెదురుపై ఒక గాటు పెట్టును. వానలో కాగితము తడియును, సిరా కాఱును. వెదురుపై గాటు చెరుగదు. సాయంకాలము గుడారము చేరి గాటులను లెక్కించి పుస్తకమున నెక్కించును. ఇట్లు అడవికి అడ్డముగా వేసిన గీతలనుబట్టి మొత్తము అడవిలోని చెట్ల సంఖ్య అంచనాకు వచ్చెను.

ఇక రెండవ ప్రశ్న. చెట్టు ఏటికెంత లావెక్కునో కనుగొనినచో, రెండవ తరగతి చెట్లు మొదటి తరగతిలోనికి ఏటేట ఎన్ని ప్రవేశించునో తెలియును. అన్నిటిని మాత్రమే ఆ యేడు నఱకవలెను. ఒక్కటియు ఎక్కువ నఱకరాదు. వడ్డీ వాడుకొనవచ్చును గాని అసలును ముట్టరాదను గృహస్థు నీతి ఇదియే. విత్తనపు వడ్లు వండుకొని తిన్న రైతునకు మఱుసటి యేడు పంట లేనట్లే, అసలు తఱిగిన అడవికి భవిష్యత్తు లేదు. బర్మాలో మొదలిడిన ఈ లెక్కయే పిమ్మట ఈ దేశమున అడవి కోతకు ఆధారమయ్యెను.

టేకు కోతకు మఱియొక చిక్కు కలదు. పచ్చి టేకు దుంగ నీట తేలదు. కావున చెట్టు మొదట చుట్టును బెరడును లేతకఱ్ఱను ఒలిచి, రెండు మూడేండ్లు నిలువుననే ఎండనిచ్చి, పిదప పడగొట్టుదురు. ఏనుగులు ఆ దుంగలను వాగులకు ఈడ్చును. వానకాలపు వెల్లువ వానిని పెద్దనదులకు చేర్చును. తెప్పలై అవి రంగూను రేవును చేరును. ఏ చెట్టునకు బెరడు ఒలువవలెనో నిర్ణయించు అధికారమును బ్రాండిస్ తన శాఖ చేతిలోనే యుంచుకొనెను. ఈ యొక్క నియమమే అడవిని కాచెను. ఈ నియమమే రంగూను, మౌల్మీను కలప వర్తకులకు కంటగింపయ్యెను. వారు ప్రభుత్వమునకు అర్జీలు పంపిరి, పత్రికలలో ఆక్షేపించిరి, అడవులను ప్రైవేటు వ్యాపారమునకు విడువవలెనని వత్తిడి చేసిరి. కొన్ని అడవులు కంట్రాక్టులకు విడువబడినను బ్రాండిస్ లెక్కను మాత్రము విడువలేదు.

అడవిలో నివసించు కరెను జాతివారితో ఆయన వ్యవహరించిన తీరు మఱియు గమనింపదగినది. వారు కొండ వాలున చెట్లు కొట్టి, కాల్చి, ఒకటి రెండు పంటలు తీసి, వేరొక చోటికి పోవుదురు. బర్మా భాషలో దానిని టాంగ్యా అందురు. గోదావరి, విశాఖ మన్యములలో పోడు వ్యవసాయము సరిగా అట్టిదే. తోడి ఉద్యోగులు పలువురు దానిని అడవికి చేటని నిషేధింప జూచిరి. బ్రాండిస్ ఆ కొండవారితోనే ఒప్పందము చేసికొనెను. వారు కొట్టిన పోడులో వరితోపాటు టేకు మొక్కలును నాటవలెను, వరి తమది, వారు చోటు మారిన పిదప బ్రదికియున్న టేకు మొక్కలను లెక్కించి ప్రభుత్వము వారికి రొక్క మిచ్చును. గొడ్డలి పట్టినవాడే మొక్క నాటినవాడయ్యెను. ఈ పద్ధతి బర్మా నుండి ఈ దేశమునకును, పిదప ఆఫ్రికా ఖండమునకును వ్యాపించెను. అయితే మొక్క వారు నాటినను తుదకు భూమి ప్రభుత్వపు అడవి యగుచుండుటచే, కొండవారికి మిగులునది తక్కువయే యని పిదపివారు విమర్శించిరి. ఆ విమర్శలో న్యాయము లేకపోలేదు.

అడవులకు ఇన్‌స్పెక్టరు జనరలు

పెగూలో జరిగిన పని కలకత్తా ప్రభుత్వమువారి దృష్టి నాకర్షించెను. 1862లో దేశపు అడవులన్నిటిని గూర్చి ఆలోచన చెప్పుటకై బ్రాండిస్‌ను పిలిపించిరి. 1863లో భార్య రేచెల్ మరణించెను. 1864 నవంబరు 1వ తేదీన ఆయన భారత ప్రభుత్వమునకు మొదటి అడవుల ఇన్‌స్పెక్టరు జనరలుగా నియుక్తుడయ్యెను. పంతొమ్మిది సంవత్సరములు ఆ పదవిలో నుండెను.

ఆ తొలినాళ్ళలో ఆయనకు తోడ్పడినవాడు డాక్టరు హ్యూ క్లెగ్‌హార్న్. ఆయన 1820లో మద్రాసులోనే పుట్టి, స్కాట్లండులో వైద్యము చదివి, 1856లో మద్రాసు రాజధానికి మొదటి అడవుల కన్సర్వేటరుగా పనిచేసినవాడు. దక్షిణదేశపు అనుభవము క్లెగ్‌హార్న్‌ది, బర్మా అనుభవము బ్రాండిస్‌ది. ఆ రెండును కలిసి పంజాబు, హిమాలయ ప్రాంతముల అడవులకు మార్గము చూపెను.

1865లో మొదటి అటవీ శాసనము వెలువడెను. అది చాలదని తేలి 1878లో రెండవ శాసనము వచ్చెను. ఈ రెండవ శాసన సందర్భముననే పెద్ద వివాదము చెలరేగెను. అడవిపై గ్రామస్థులకు తరతరములుగా సాగివచ్చిన అనుభోగము హక్కా, లేక ప్రభువు దయచే సాగిన వెసులుబాటా? అది దయయే గావున ప్రభుత్వము అడవినంతయు తన వశము చేసికొనవలెనని బేడెన్ పావెల్ మొదలగువారు వాదించిరి. బ్రాండిస్ మధ్యేమార్గము పట్టెను. రైలుకును ఓడకును కావలసిన పెద్ద అడవులు ప్రభుత్వపు రక్షణలో నుండవలెను. గ్రామమునకు కావలసిన వంటచెఱకు, మేత, నాగలికఱ్ఱ, పచ్చియాకు దొరకుటకై ప్రతి ప్రాంతమునను గ్రామపు అడవులు గ్రామస్థుల యజమాన్యముననే యుండవలెనని ఆయన మతము. ఊరివారు దేవతల పేర కాపాడుకొను వనములను కొడగు, రాజపుత్రస్థానము మొదలగు చోట్ల ఆయన శ్రద్ధగా పరిశీలించి, ఏ శాసనమును లేకయే జనులు అడవిని కాపాడగలరనుటకు వానిని నిదర్శనముగా గ్రహించెను. ఛోటానాగపూరు గ్రామములలో ముండా, హో, ఉరావు జనులు సాలవృక్షములతో కూడిన సర్ణా వనములను కాచుకొనుట జంషెడ్పూరువాసులకు పరిచితమే. శాసనములో గ్రామపు అడవులకు ఒక అధ్యాయము చేరినది గాని, ఆచరణలో అది చాలవఱకు కాగితముననే నిలిచిపోయెను. గెలిచినది బేడెన్ పావెల్ పక్షము.

అడవికి బడి

బ్రాండిస్ చేసిన పనులలో కాలమునకు నిలిచినది విద్యాప్రతిష్ఠాపనము. ఆయన పదవి స్వీకరించునాటికి అటవీ శాఖలో నుండినవారు సేననుండి వచ్చిన కెప్టెనులు, ఆసుపత్రులనుండి వచ్చిన వైద్యులు, వేటయందు మక్కువ గలవారు. వారిలో సమర్థులు లేకపోలేదు. కాని తుపాకి పట్టుటవేఱు, అడవిని పెంచుటవేఱు. అటవీ ఉద్యోగికి నేల స్వభావము తెలియవలెను. విత్తు మొలకెత్తు కాలము, చెట్టునకు వెలుతురు ఎంత కావలెనో తెలియవలెను. భూమి కొలువవలెను, పటము గీయవలెను, దారి వేయవలెను, లెక్క వ్రాయవలెను, శాసనము చదువవలెను, ఊరివారి భాష మాటాడవలెను. ఇంగ్లండులో ఇట్టి విద్య గఱపు పాఠశాల యొక్కటియు లేదు. అందుచే 1866లో ఆయన తంటాలుపడి ఒక ఏర్పాటు చేసెను. ఏటేట ఎన్నికైన యువకులు ఫ్రాన్సు, జర్మనీ దేశముల అడవులలో శిక్షణ పొంది ఈ దేశమునకు రావలెను. ఆ కాలముననే విలియం ష్లిక్, బెర్తోల్డ్ రిబ్బెంట్రాప్ అను ఇరువురు జర్మను యువకులు బ్రాండిస్ ఎన్నికచే ఇచటికి వచ్చిరి. ఆయన తరువాత ఇన్‌స్పెక్టరు జనరలు పదవి వరుసగా వారికే దక్కెను.

అయితే అడవిలో పండ్రెండు నెలలు తిరుగువాడు పై అధికారి కాడు. రేంజరు, ఫారెస్టరు, గార్డు. వారికి చదువు లేనిచో పై చదువంతయు గాలికి పోవును. ఈ సత్యమును గ్రహించి బ్రాండిస్ 1878లో డెహ్రాడూనులో అటవీ పాఠశాలను స్థాపింపజేసెను. కెప్టెన్ బెయిలీ దానికి మొదటి అధ్యక్షుడు. పాఠశాలకు చుట్టునున్న అడవులే దానికి ప్రయోగశాలగా అప్పగింపబడెను. హిమాలయపు దేవదారు నుండి దిగువ సాలవృక్షము వఱకు విద్యార్థికి నడక దూరములో నుండెను. 1881 నుండి తరగతి పాఠములును క్రమముగా జరుగసాగెను. వానలలో గదిలో చదువు, తక్కిన కాలము అడవిలో పని. చెట్టును పుస్తకములో చూచి పిదప అడవిలో వెదకుట గాక, అడవిలో చూచిన చెట్టును పుస్తకములో గుర్తుపట్టుట అచటి పద్ధతి.

చదువు బడితో ముగియదని ఆయనకు తెలియును. ఒక జిల్లాలో జరిగిన తప్పు వేఱొక జిల్లాలో మరల జరుగకుండవలెనన్న, ఉద్యోగులు ఒకరికొకరు తమ అనుభవమును చెప్పుకొనవలెను. 1874 జనవరిలో అలహాబాదున అటవీ అధికారుల సమావేశము జరిగెను. 1875లో ష్లిక్ సంపాదకత్వమున ఇండియన్ ఫారెస్టర్ అను పత్రిక వెలసెను. మారుమూల మన్యములో ఒంటరిగా నుండు ఉద్యోగి తాను నాటిన విత్తనముల సంగతియు, చెదలు తిన్న నారుమడి సంగతియు అందులో వ్రాసి పంపుచుండెను. అది నేటికిని వెలువడుచున్నది.

1884లో ఆ పాఠశాల ఇంపీరియల్ ఫారెస్టు స్కూలయ్యెను. 1906లో అచటనే అటవీ పరిశోధనాలయము ఏర్పడెను. 1912లో కోయంబత్తూరున మద్రాసు ఫారెస్టు కాలేజి వెలసినపుడు దక్షిణదేశపు రేంజరులకు దగ్గఱలోనే చదువు లభించెను. తెలుగు యువకులు పెక్కుమంది అచట శిక్షణ పొంది నల్లమలకును, మన్యమునకును పోయిరి. వన్యప్రాణి రక్షణకై 1982లో డెహ్రాడూనులో వేఱొక సంస్థ స్థాపితమయ్యెను. ఈ వృక్షమునకంతకును విత్తు 1878లో పడినది. ఒక లోపము మాత్రము చెప్పక తప్పదు. భారతీయులను అటవీ విద్యలో పైకి తేవలెనని బ్రాండిస్ కోరినను, ఉన్నత పదవులు చిరకాలము ఐరోపావారికే దక్కెను.

నేర్చినదానిని దిద్దుకొనుటయు విద్యలో భాగమే. అడవిలోనికి మంట యేమాత్రము ప్రవేశింపరాదని బ్రాండిస్ తరమువారు గట్టిగా నమ్మిరి. 1860ల దశకమున మధ్యపరగణాలలోని బోరీ అడవిలో నిప్పు నాపి మేలు పొందినందున ఆ నమ్మకము బలపడెను. ఏటేట పలుచని మంట పోనిచ్చినచో గడ్డి చిగుర్చునని గ్రామస్థులు చెప్పిన మాటను వారు లక్ష్యపెట్టలేదు. కొన్ని దశాబ్దములు గడచిన పిదప, మంట పూర్తిగా ఆపిన తేమనేలల అడవులలో టేకు, సాల మొలకలు తఱిగి వెదురు, పొదలు క్రమ్ముకొనుట అటవీ అధికారులే కనుగొనిరి. ఊరివాని మాటలోనూ శాస్త్రము గలదని శాఖకు తెలియుటకు అంతకాలము పట్టెను.

మద్రాసు రాజధానిలో

పదవీ విరమణకు ముందు బ్రాండిస్ జీవితములోని చివరి పెద్దపని తెలుగువారికి సంబంధించినది. 1878 శాసనము మద్రాసు రాజధానికి వర్తింపలేదు. గ్రామస్థులకు అడవిపై గల అనుభోగము నిజమైన హక్కే యని, దానిని తుడిచివేయు శాసనము తమకు పనికిరాదని మద్రాసు రెవెన్యూ బోర్డువారు పట్టుబట్టిరి. ఈ ముడి విప్పుటకు 1881లో బ్రాండిస్ మద్రాసునకు పంపబడెను. రెండేండ్లు ఆయన ఈ పని సాగించెను. 1882లో మద్రాసు అటవీ శాసనము వెలువడెను. 1883లో ఆయన తన సూచనలను గ్రంథముగా సమర్పించెను.

ఆనాటి మద్రాసు రాజధానిలో తెలుగు జిల్లాల అడవులు విస్తారమైనవి. కర్నూలు, గుంటూరు సీమల నల్లమల, కడప శేషాచలపు ఎఱ్ఱచందనము, గోదావరి మన్యపు టేకు, వెదురు అందులోనివే. మైదానపు రైతు పశువులను వేసవిలో ఆ కొండలకే తోలుకొనిపోవును. గ్రామపు అడవులను విడిగా ఏర్పఱచి, వాని ఫలమును గ్రామమునకే చెందజేయవలెనని బ్రాండిస్ మద్రాసులోను నొక్కి చెప్పెను. హక్కులను విచారించి నమోదు చేయుటకు శాసనము ఒక పద్ధతిని కల్పించెను. కాని రిజర్వు సరిహద్దులు త్వరత్వరగా ముందుకు జరిగెను. గ్రామపు అడవులు మాత్రము వెనుకబడెను. సలహాలో సగము ఆచరింపబడినది. ఆ సగమైనను ప్రభుత్వమునకు లాభించు సగమే.

మిగిలిన సగమును విడిచినందులకు వెల యేమో తెలుగువారికి తెలియును. పశువుల మేతకు విధించిన పుల్లరి పేదరైతు మెడకు ఉరియయ్యెను. 1921లో పలనాటి ప్రజలు పుల్లరి చెల్లింపక అటవీ సత్యాగ్రహము చేసిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలియయ్యెను. అదే సంవత్సరము మన్యములో అల్లూరి సీతారామరాజు లేచెను. పోడుపై నిషేధము, అడవిదారులలో వెట్టిచాకిరి గిరిజనుల ఆగ్రహమునకు ముఖ్యకారణములు. అంతకు ముందే, 1913లో, మద్రాసు అటవీ కమిటీ గ్రామపు అవసరముల అడవులను పంచాయతులకు అప్పగింపవలెనని సూచించెను. అది ముప్పదియేండ్ల క్రిందట బ్రాండిస్ చెప్పినదే.

బాన్ నగరమునకు మరలివచ్చి

1883లో బ్రాండిస్ ఉద్యోగము నుండి విరమించెను. 1867లో ఆయన బాన్ నగరపు కాథరీనా హాసెను ద్వితీయ వివాహము చేసికొనియుండెను. 1875లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1887లో సర్ బిరుదమును ఆయనకు లభించెను. బిరుదములు వచ్చినవని విశ్రమింపలేదు. 1885లో ష్లిక్ ఇంగ్లండులోని కూపర్స్‌హిల్ కాలేజిలో అటవీ విద్యను ప్రారంభింపగా, అచటి విద్యార్థులను జర్మనీ, స్విట్జర్లండు అడవులకు తీసికొనిపోయి చూపు బాధ్యతను బ్రాండిస్ కొన్నియేండ్లు నిర్వహించెను. అఱువదియేండ్లు దాటిన వృద్ధుడు ముందు నడువగా యువకులు ఆయాసపడుచు వెనుక నడుచుచుండిరి.

అట్టి శిష్యులలో గిఫర్డ్ పింఛో అను అమెరికా యువకుడొకడు. తన దేశమున అటవీశాస్త్రము చెప్పువారే లేక, వెదకుకొనుచు ఐరోపాకు వచ్చి బ్రాండిస్‌ను ఆశ్రయించెను. బ్రాండిస్ అతనిని నాన్సీకి పంపి, ఏమి చూడవలెనో, ఏమి చదువవలెనో నిర్దేశించెను. అమెరికాకు తిరిగిపోయిన పిదపను ఉత్తరములతో మార్గము చూపుచుండెను. 1905లో అమెరికా అటవీ సర్వీసు ఏర్పడినపుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆ పింఛోయే. పెగూ కొండలలో వెదురుముక్కపై పడిన గాటు ఆ విధముగా సముద్రములు దాటెను.

బ్రాండిస్ రచనలలో 1874లో వెలువడిన వాయవ్య, మధ్య భారత అటవీ వృక్షజాతుల గ్రంథము మొదట చెప్పదగినది. డాక్టరు స్టూవర్ట్ ప్రారంభించి ముగింపలేకపోయిన పనిని ఆయన పూర్తిచేసెను. సాలవృక్షము చేరిన డిప్టెరోకార్పు కుటుంబమును గూర్చి 1895లో ఒక శాస్త్రీయ పట్టికను ప్రకటించెను. చివరకు, ఈ దేశమున తాను చూచిన చెట్లు, పొదలు, తీగలు, వెదుళ్ళు, తాళజాతులు అన్నిటిని అడవి ఉద్యోగి గుర్తుపట్టుటకు వీలుగా వర్ణించుచు ఇండియన్ ట్రీస్ అను బృహద్గ్రంథమును 1906లో వెలువరించెను. అప్పటికాయన వయస్సు 82 సంవత్సరములు. అది పండితుల అలమారుకొఱకు కాక, గుడారములో దీపము ముందు చేతిలో కొమ్మ పట్టుకొని కూర్చున్న రేంజరు కొఱకు వ్రాసిన గ్రంథము. గ్రంథము ముగిసిన మఱుసటి సంవత్సరము, 1907 మే 28వ తేదీన, బ్రాండిస్ బాన్ నగరముననే కన్నుమూసెను.

పిదపికాలము

ఆయన గతించిన మూడు మాసములకు, 1907 ఆగస్టు 26వ తేదీన, బొంబాయిలో టాటా ఇనుము ఉక్కు కంపెనీ రిజిష్టరయ్యెను. 1908లో సాక్చీ గ్రామము చెంత అడవి నడుమ కర్మాగారపు పని మొదలయ్యెను. జంషెడ్పూరు పుట్టుక అట్టిది. దానికి ఇనుపరాయి, బొగ్గు, నీరు ఎంత అవసరమో చుట్టునున్న సింగ్భూమ్ సాల అడవులును అంత అవసరమయ్యెను.

ఆ అడవులలోనే బ్రాండిస్ నాటి వివాదము మరల తలయెత్తెను. 1978లో సారండా, కోల్హాను ప్రాంతములలో సాలవృక్షములను కొట్టి వాని స్థానమున టేకు నాటబూనగా, ఆదివాసులు తిరుగబడిరి. సాలము వారికి పూవు, ఆకు, గింజ, గుగ్గిలము, దేవతాస్థానము. టేకు కలప మాత్రమే. ఏ చెట్టు మేలైనదని కాదు ప్రశ్న, ఎవరికి మేలైనదని ప్రశ్న. జీవితమంతయు టేకు చెట్లను లెక్కించిన బ్రాండిసే, గ్రామమున కావశ్యకమైనది గ్రామమునకు విడువవలెనని శతాబ్దము క్రిందట వాదించియుండుట ఇచట స్మరణీయము. 1992లో ఆంధ్రదేశమున వనసంరక్షణ సమితులు ఏర్పడుటయు, 2006లో అటవీ హక్కుల శాసనము వెలువడుటయు ఆ అసంపూర్ణమైన అధ్యాయమునకు ఆలస్యముగా వ్రాయబడిన పంక్తులు.

దల్మా కొండలు 1976లో అభయారణ్యమయ్యెను. ఏనుగులు ఆ సాలవనములకు వచ్చుచు, ఋతువు మారినపుడు వంగదేశపు సరిహద్దులు దాటిపోవుచుండును. అచట విధి నిర్వహించు అటవీ ఉద్యోగి చెట్టు మొదట టేపు చుట్టి, చుట్టుకొలత చదివి, తరగతినిబట్టి తన పుస్తకములో గుర్తు పెట్టుకొనును. చేతిలో వెదురుముక్క లేదు, ఎక్కుటకు ఏనుగు లేదు. లెక్క మాత్రము అదే.